మక్కచేనులో నత్త టేపు

తండా మలుపు దగ్గర బండి ఆపగానే కోటేష్‌కు ఆ శబ్దం వినిపించింది. గాలి వీచినప్పుడల్లా లేచి, గాలి తగ్గగానే సన్నగిల్లి, మళ్లీ లేచే గుయ్యిమనే రొద. తేనెటీగలు కావు. కరెంటు తీగలూ కావు. సత్తుపల్లి ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో ఏళ్ల తరబడి మోటార్లు బాగుచేస్తున్న ఎలక్ట్రీషియన్‌కు కరెంటు మూలుగు ఎలా ఉంటుందో ఇంకొకరు చెప్పాలా? ఇది వేరే. అడుగున లోతుగా ఒకటి, దాని మీద పీచులా సన్నగా ఇంకొకటి, రెండూ ఒరుసుకుంటూ పోతున్నాయి. కోటేష్ హెల్మెట్ తీసి, కళ్లు మూసుకుని, రోడ్డు పక్కనే నిలబడిపోయాడు.

వెనక కూర్చున్న భార్య కవిత దిగలేదు. "ఏమైంది? పెట్రోల్ అయిపోయిందా?"

"ష్. ఇను."

"ఏం ఇనాలె?"

"గా సప్పుడు. ఎంత మంచిగుందో జూడు."

కవిత ఆకాశం వైపు చూసింది. ఆమె లెక్కలో లోకంలో పాటలు రెండే రకాలు: మాటలున్నవి, మొగుడు వినేవి. మొగుడు వినేవాటిలో మళ్లీ రెండు రకాలు. ఒకదాంట్లో దరువు ఆగదు, దాని పేరు సైకెడెలిక్ ట్రాన్స్. ఇంకోదాంట్లో అసలు ఏమీ జరగదు, దాని పేరు యాంబియెంట్. పెళ్లయిన కొత్తలో ఆ రెండోది విని టేపు చెడిపోయిందనుకుని పాపం స్విచ్చి కట్టేసింది కూడా.

కోటేష్ ఫోను తీసి ఆ రొదను కొంచెం రికార్డు చేశాడు. ఆ సంగీతం సేకరించే పిచ్చివాళ్లకు దేశదేశాలు కలిపి ఒక గ్రూపు ఉంది. 'ఈ ఉదయం మా అడవి అంచున' అని రాసి దాంట్లో పెట్టేశాడు. పెట్టాక గానీ చేను వైపు సరిగ్గా చూడలేదు.

అడవికి ఆనుకుని ఉన్న తన తల్లి మక్కచేను అది. కంకులు పాలు పోసుకుంటున్నాయి. చేను చుట్టూ కట్టెలు పాతి, కట్టె నుంచి కట్టెకు గోధుమరంగు రిబ్బను లాగి కట్టి ఉంది. ఎండకు తళతళ మెరుస్తూ, గాలికి మెలితిరుగుతూ మోగుతోంది. క్యాసెట్ రిబ్బను. ఆ చుట్టుపక్కల ఊళ్లలో అందరూ చేసే పనే. ఆ మెరుపుకూ ఆ రొదకూ బెదిరి చిలుకలు కంకుల మీద వాలవు. 'యాడి తెలివి యాడిదే' అని తల్లిని తలచుకుని కోటేష్ నవ్వుకున్నాడు. ఆ నవ్వు సగంలో ఆగింది. యాడికి క్యాసెట్టు ఎక్కడిది?

మూడ్రోజుల కింద అతను ఎత్తున షవల్ మిషిన్ మీద కూర్చుని కేబుల్ బిగిస్తుంటే తల్లి ఫోన్ చేసింది. చిలుకలు చేను ఖరాబు చేస్తున్నాయి, ఇంట్లో ఉన్న పాత క్యాసెట్లు తీసుకోనా అని అడిగింది. పైన గాలి, కింద డంపర్ల మోత. పాతవి తీస్కో యాడీ అని అరిచి ఫోన్ పెట్టేశాడు.

కోటేష్ బండి అక్కడే వదిలేసి ఇంటివైపు పరుగెత్తాడు. తాళంచెవి బండికే ఉందని కవిత వెనకనుంచి అరిచినా వినిపించుకోలేదు.

ఆ పరుగు ఎందుకో తెలియాలంటే జయప్రకాశ్ గురించీ, నత్త టేపు గురించీ చెప్పుకోవాలి.

జయప్రకాశ్‌ది దమ్మపేట దగ్గర ఆయిల్ పామ్ తోట. తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్న కుటుంబం. వయసు యాభై దాటింది. తెల్ల చొక్కా, మెత్తటి మాట. చూసినవాళ్లెవరూ ఈయన అలాంటి సంగీతం వింటాడని అనుకోరు. చాలా ఏళ్ల కింద ఆయన తోటలో మోటారు స్టార్టర్ కాలిపోతే బాగుచేయడానికి వచ్చాడు కోటేష్. అప్పటికింకా పెళ్లి కాలేదు, ఉద్యోగం లేదు. పంపు షెడ్డులో టేపు రికార్డర్ మోగుతోంది. పల్లవి లేదు, చరణం లేదు. ఒకటే దరువు, దాని చుట్టూ మెలికలు తిరిగే ఏవో కూతలు. "సార్, ఇది ఏ మిషిన్ సప్పుడు?" అని అడిగాడు కోటేష్. అంతవరకూ ఆ షెడ్డులోకి వచ్చిన ప్రతివాడూ 'ఇదేం గోల బాబూ' అన్నవాడే. జయప్రకాశ్ స్టార్టర్ సంగతి మరిచిపోయి, భోజనం వేళ దాటేదాకా ఒకదాని తర్వాత ఒకటి వినిపించాడు. కొన్నాళ్లకు 'సార్' కాస్తా 'అన్నా' అయింది.

అప్పటినుంచి ఖమ్మానికీ భద్రాచలానికీ మధ్య ఈ పిచ్చి ఉన్నవాళ్లు ఇద్దరే. హైదరాబాద్ ఆదివారం సంతలో ఫుట్‌పాత్ మీద పాత క్యాసెట్లు ఏరేవారు. గోవాలో ఏ క్యాసెట్ల దుకాణం మూతపడుతోందని తెలిసినా రైలెక్కేవారు. గ్రూపులో అయితే ఇక చర్చలే చర్చలు. ఫలానా రికార్డింగు వానాకాలానికి ముందుదా తర్వాతదా, అడుగున వినిపించే హోరు సముద్రానిదా, టేపు అరుగుదలదా అని వారాల తరబడి వాదించుకునేవారు. అన్నిటికన్నా పెద్ద వాదం నకళ్ల గురించి. మనవాళ్లు పెళ్లి సంబంధానికి ఏడు తరాలు ఆరా తీసినట్టు, వాళ్లు ఒక్కో టేపుకూ వంశం ఆరా తీస్తారు. ఇది అసలుదా, అసలుకు నకలా, నకలుకు నకలా? తరం మారేకొద్దీ శబ్దం మసకబారుతుంది, విలువ పడిపోతుంది.

ఆ లోకంలో అసలుకే అసలు నత్త టేపు. జయప్రకాశ్ బెల్గాంలో చదువుకునే రోజుల్లో మిత్రులతో గోవా వెళ్లాడు. తెల్లారుజామున బీచిలో ఒక గడ్డం దొర తన సంగీతం తానే వాయిస్తూ టేపులోకి ఎక్కిస్తున్నాడు. జయప్రకాశ్ దగ్గర తల్లి సుశీలమ్మ పెట్టి పంపిన ఆవకాయ జాడీ ఉంది. దొరకు ఆవకాయ నచ్చింది, ఈయనకు సంగీతం నచ్చింది. జాడీ అటు వెళ్లింది, క్యాసెట్ ఇటు వచ్చింది. పేరు రాయమంటే దొర అట్ట మీద పెన్నుతో ఒక నత్తను గీసి ఇచ్చాడు. మళ్లీ ఆయన ఎవరికీ కనబడలేదు. ఆ సంగీతం ఇంకెవరి దగ్గరా లేదు. గ్రూపులో సగం మంది ఒక్కసారి వినిపించమని ఏళ్లుగా బతిమాలుతున్నారు. మిగతా సగం అలాంటి టేపే లేదు, ఆయిల్ పామ్ రైతు కోతలు కోస్తున్నాడంటున్నారు.

జయప్రకాశ్ క్యాసెట్ డెక్కు ఎప్పుడో పాడైంది. కోటేష్ మాత్రం పాత డెక్కు ఒకటి కొని, బెల్టులు మార్చి, హెడ్డు సరిచేసి, తండాలో తల్లి ఇంట్లో పెట్టుకున్నాడు. సత్తుపల్లి కిరాయి ఇంట్లో పెడితే రోజూ మధ్యాహ్నం బ్లాస్టింగుకు గోడలు అదురుతాయి, బొగ్గు దుమ్ము సందు దొరికితే చాలు దూరుతుంది. నత్త టేపును కంప్యూటర్‌లోకి ఎక్కిద్దాం, నాకివ్వన్నా అని నెలల తరబడి అడిగాడు. జయప్రకాశ్ ఆ టేపును గడప దాటనిచ్చే మనిషి కాదు. పరహస్తం గతం గతః అనేవాడు. భార్య సుజన ఆ బీరువా దులపాలన్నా ఆయన దగ్గరుండాల్సిందే.

అలాంటిది పోయిన ఆదివారం ఏమనిపించిందో లోపలికి వెళ్లాడు. చాలాసేపటికి గానీ బయటికి రాలేదు. వచ్చి, చేతిరుమాల్లో చుట్టిన డబ్బాను కోటేష్ చేతిలో పెట్టాడు. "నా ప్రాణం నీ చేతిలో పెడుతున్నా కోటేషూ" అన్నాడు. కోటేష్ రెండు చేతులా అందుకున్నాడు. వచ్చే ఆదివారం సాయంత్రం నత్త టేపు వింటారని గ్రూపులో ఇద్దరూ కలిసి ప్రకటించారు. కోటేష్ దాన్ని తిన్నగా తండాకు తెచ్చి, డెక్కు పక్కన పెట్టి, వారమంతా డ్యూటీకి వెళ్లాడు.

ఆ ఆదివారమే ఈ ఆదివారం.

తల్లి సక్రి వాకిట్లో కూర్చుని రవికకు అద్దాలు కుడుతోంది. కొడుకు రొప్పుతూ వచ్చి నిలబడితే తలెత్తింది. తల్లీకొడుకుల మాట లంబాడీలో సాగింది గానీ, మనం తెలుగులోనే చెప్పుకుందాం.

"యాడీ, చేనుకు ఏ టేపు కట్టినవ్?"

"నువ్వు తీస్కొమ్మన్నదే."

"నేనన్నది అటక మీద సంచిల ఉన్నయి!"

"అవి జూసిన. అన్నిట్ల మీద దేవుళ్ల బొమ్మలున్నయ్. దేవుణ్ణి తీస్కపోయి చిలుకలకు కడ్తరా ఎవరన్న? నీ మిషిన్ కాడ ఉన్నయి కూడ జూసిన. రంగురంగుల బొమ్మలున్నయ్, నీకు ఇష్టమైనవేమోనని ముట్టలే. బొమ్మ లేంది ఒక్కటే దొరికింది. అట్ట మీద పిల్లలు గీకినట్టు నత్త ఉంది. గదే పనికిరానిది అనుకున్న."

ఆమె చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. "డబ్బా ఏది?" అన్నాడు నీరసంగా.

సక్రి పక్కకు గడ్డంతో చూపించింది. నత్త బొమ్మ అట్ట అలాగే ఉంది. డబ్బాలో మాత్రం క్యాసెట్టుకు బదులు సూదులూ, చిన్న చిన్న అద్దాలూ ఉన్నాయి. "మంచి డబ్బా. మూత గట్టిగ పడ్తది" అందామె.

కోటేష్ అరుగు మీద కూలబడ్డాడు. టేపు పోయిందన్న బాధ ఒకటి. కానీ కళ్ల ముందు మెదిలింది టేపు కాదు, జయప్రకాశ్ మొహం. నా ప్రాణం అని చేతిలో పెట్టిన మనిషికి ఏమని చెప్పాలి? మా అమ్మ నీ ప్రాణాన్ని చేనుకు కట్టిందన్నా అని చెప్పాలా? ఆయన ఒక్క మాట అనకపోవచ్చు. అనకుండా ఊరుకుంటాడే, అది భరించగలనా అనిపించింది. ఆయన చుట్టాలు మాత్రం ఊరుకోరు. తండా వాళ్లకిస్తే గట్లనే అయితది అంటారు. ఆ మాట తన వల్ల ఆయన పడాలి. ఇన్నేళ్ల స్నేహం ఈ ఒక్క దెబ్బతో పోతుందేమోనని కోటేష్‌కు నిజంగా ఏడుపొచ్చింది.

అప్పటికి కవిత బండి నడిపించుకుంటూ వచ్చింది. విషయం విని, నవ్వబోయి, మొగుడి మొహం చూసి మానుకుంది. "ఏడ్సుడు తర్వాత. గాలి ఎక్కువగాక ముందే చుట్టుకుందాం పా" అంది.

ముగ్గురూ చేనులోకి దిగారు. సక్రి పని ఎప్పుడూ గట్టి పనే. ప్రతి కట్టెకూ రెండు ముళ్లు వేసింది. ముళ్లు విప్పేది కోటేష్, మెత్తటి గుడ్డతో రిబ్బను తుడిచేది కవిత. చుట్టడానికి కండె లేక, గింజలు ఒలిచిన మక్కబెండుకు చుట్టారు. కొన్నిచోట్ల సాగింది, కొన్నిచోట్ల తెగింది. తెగినచోటల్లా ఏ ముక్క తర్వాత ఏ ముక్కో తప్పిపోకుండా కోటేష్ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చుట్టాడు. ఒక పక్క రిబ్బను తీస్తుంటే ఇంకో పక్క చిలుకలు దిగసాగాయి. సక్రి వాటిని తోలుతూ తిడుతోంది. ఆ తిట్లు చిలుకలకో, కొడుక్కో తెలియలేదు.

"అదేమన్న బంగారమా?" అంది.

"బంగారమే యాడీ."

"అయితే నీ పెండ్లానికి చేపియ్యి. నా కంకులు చిలుకల పాలు జేస్తున్నవ్."

ఈలోగా జేబులో ఫోను టింగుమని మోగుతూనే ఉంది. పొద్దున పెట్టిన రొద గ్రూపులో నిప్పు రాజేసింది. ఇది ఏ సింథసైజరని జపాను ఆయన అడిగాడు. యంత్రం కాదు, ఎవరో చేత్తో అదుపు చేస్తున్నారు, ఊపిరి తీసుకుంటోంది చూడండి అని ఫిన్లాండు ఆమె రాసింది. పుణె కుర్రాడైతే, 'ఇది నత్త టేపు కాదు కదా?' అన్నాడు. కోటేష్ అది చదివి ఫోను జేబులో పెట్టేశాడు. ముమ్మాటికీ నత్త టేపే. కాకపోతే గాలి వాయించింది.

అందరూ రాశారు గానీ జయప్రకాశ్ మాత్రం ఒక్క ముక్క రాయలేదు. మామూలుగా అయితే ఇలాంటి రోజున పొద్దున్నే ఫోన్ చేసి, ఇంకా మొదలుపెట్టలేదా అని వేధించేవాడు. ఇవాళ ఆయన ఫోను లేదు. ఆయనకు ఎవరో చెప్పేసి ఉంటారని కోటేష్‌కు ఇంకో భయం పట్టుకుంది. నిజానికి వారం పొడుగునా కూడా ఆయన ఒక్కసారీ పలకరించలేదన్న సంగతి అప్పుడే గుర్తొచ్చింది.

తిండి మీద ధ్యాస లేదు. ఇంట్లోకొచ్చి, స్క్రూలతో విప్పే పాత క్యాసెట్ ఒకటి తెరిచి, ముక్కలు అతికి, రిబ్బనును కొత్త చక్రాలకు చుట్టేసరికి మధ్యాహ్నం దాటింది. డెక్కులో పెట్టి, కంటికి కనబడని దేవుళ్లందరికీ మొక్కి, బటన్ నొక్కాడు.

మోగింది.

మొదట చిటపట. తర్వాత మెల్లగా, ఎక్కడో దూరాన్నుంచి లేస్తున్నట్టు ఒక స్వరం. అది నిలవదు, కాస్త జారుతుంది, మళ్లీ సర్దుకుంటుంది. రిబ్బను సాగినచోట స్వరం కుంగుతోంది, అతికినచోట టక్కుమంటోంది. అయినా ఉంది. పోలేదు. కోటేష్‌కు సగం ప్రాణం తిరిగొచ్చింది. గాయాలతోనైనా బతికిందని చెప్పుకోవచ్చు, కాళ్లావేళ్లా పడవచ్చు. గోడకు ఆనుకుని అలాగే వింటూ కూర్చున్నాడు. చివరికి స్వరాలన్నీ ఒక్కొక్కటే తప్పుకుని, సముద్రపు హోరులాంటిది ఒకటి మిగిలి, అదీ ఆగిపోయింది. లేచి ఆపబోయాడు.

అప్పుడు టేపులోంచి ఒక ఆడగొంతు స్పష్టంగా పలికింది.

"ఆకాశవాణి, కొత్తగూడెం కేంద్రం. ఇప్పుడు రైతు సోదరుల కోసం... ఆయిల్ పామ్ తోటల్లో గెలల కోత గురించి..."

కోటేష్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

గోవా బీచిలో గడ్డం దొర ఇచ్చిన క్యాసెట్టులో కొత్తగూడెం రేడియో ఎందుకు మాట్లాడుతుంది? మాట్లాడదు. ఎవరో దమ్మపేటలో రైతుల కార్యక్రమం పట్టుకున్న టేపు మీద, తర్వాత ఎప్పుడో నత్త సంగీతాన్ని ఎక్కించుకుంటే, పాట అయిపోయిన చోట అడుగున ఉన్నది బయటపడుతుంది. అంటే ఇది నకలు. అంటే అసలుది చేనుకు కట్టలేదు. అసలుది బీరువాలో చల్లగా ఉంది!

గుండెల మీద నుంచి బండ దించినట్టయింది. కోటేష్ పకపకా నవ్వాడు. చాప మీద పొర్లి నవ్వాడు. కవిత గాబరాగా వచ్చి చూసింది. "పోలే! పోలేదే కవితా! గెలలు గోస్తున్నరు!" అని అరిచాడు. ఆమెకు అర్థం కాలేదు గానీ, మొగుడి మొహంలో రంగు వచ్చిందని మాత్రం అర్థమైంది. అమ్మయ్య అనుకుని పొయ్యి దగ్గరికి వెళ్లింది.

నవ్వు తగ్గాక ఇంకోటి మొదలైంది. నా ప్రాణం నీ చేతిలో పెడుతున్నా అన్నాడే? అసలు డబ్బా, అసలు అట్ట, లోపల నకలు. అంత సేపు లోపల ఏం చేశాడో ఇప్పుడు తెలిసింది. ఇవ్వనంటే సరిపోయేది కదా. పొద్దున్నుంచి తాను పడ్డ నరకమంతా గుర్తొచ్చి కోటేష్‌కు ఒళ్లు మండింది. ఆయన ముందు మొహం ఎలా చూపించాలా అని ఏడ్చింది ఈ నకలు కోసమా?

వాకిట్లో జీపు ఆగిన చప్పుడైంది. జయప్రకాశ్ పాత జీపు. ఆ ఇంజన్ దగ్గు కోటేష్‌కు మైలు దూరం నుంచే తెలుసు.

జయప్రకాశ్ చెప్పులు కూడా సరిగ్గా విడవకుండా లోపలికొచ్చాడు. చొక్కా చెమటకు తడిసింది. "కోటేషూ, ఆగు. అది గ్రూపులో పెట్టకు. పెట్టేశావా?"

"పెట్టలే అన్నా. కూసో."

"కూర్చోను. ముందు చెప్పనీ. అది అసలుది కాదు." ఆయన నుదుటి చెమట తుడుచుకున్నాడు. "ఆ రోజు బీరువా తీసి అసలుదే చేతిలోకి తీసుకున్నా. ఒట్టు. కానీ చెయ్యి బయటికి రాలేదు. పక్కనే నకలుంది. అసలు డబ్బాలో దాన్ని పెట్టేశా. ఇచ్చిన దగ్గర్నుంచీ నిద్ర లేదు. నీ చెవి సంగతి నాకు తెలీదా? వినగానే పట్టేస్తావు. పట్టకపోతే ఇంకా ఘోరం, లోకమంతా ఆ నకలునే అసలనుకుంటుంది. ఫోన్ చేద్దామని తీయడం, పెట్టేయడం. ఫోన్‌లో చెప్పే మాట కాదని వచ్చేశా."

కోటేష్ ఆయన్నే చూస్తున్నాడు. అడగకుండానే వచ్చి చెబుతున్నాడు. దొరికిపోయానని తెలియకుండానే చెబుతున్నాడు. పొద్దున్నుంచి ఇద్దరూ ఒకరికొకరు భయపడి ఫోను ముట్టుకోలేదన్నమాట. కోపం సగం దిగిపోయింది. మిగతా సగం మాత్రం అడిగితే గానీ పోయేలా లేదు.

"ఒక్కటి అడుగుత అన్నా. తండా పోరనికి అసలుది ఎందుకులే అనుకున్నవా?"

జయప్రకాశ్ వెంటనే కాదనలేదు. మంచం మీద కూర్చున్నాడు. "మా బావమరిది అడిగినా ఇచ్చేవాణ్ణి కాదు. కానీ వాడికైతే ఇవ్వనురా అని మొహం మీదే చెప్పేవాణ్ణి. నీకు ఇస్తున్నట్టు నటించా. నువ్వు ఎదురు అడగవులే అనుకున్నా. అలా ఎందుకు అనుకున్నానో వారం నుంచీ నన్ను నేను అడుక్కుంటున్నా. అది తప్పే కోటేషూ."

కోటేష్ లేచి, రా అన్నా అని ఆయన్ను చేను దగ్గరికి తీసుకెళ్లాడు. ఒట్టి కట్టెలు చూపించాడు. నత్త డబ్బాలో సూదులు చూపించాడు. జరిగిందంతా చెప్పాడు. గ్రూపులో అందరూ పొగిడిన రొద కూడా ఇదేనన్నాడు. వింటుంటే జయప్రకాశ్ మొహం మారిపోయింది. మొదట తెల్లబోయాడు, తర్వాత భుజాలు కదిలాయి, తర్వాత కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. నవ్వి నవ్వి, హఠాత్తుగా ఆగి, ఒక కట్టెను పట్టుకున్నాడు.

"ఆ రోజు నేను నిజంగా అసలుదే ఇచ్చి ఉంటే?"

ఇద్దరూ చేనుకేసి చూశారు.

"గందుకే అన్నా, నీ అబద్ధానికి దండం పెట్టాల్నో, తిట్టాల్నో నాకైతే తెలుస్తలేదు" అన్నాడు కోటేష్.

జయప్రకాశ్ చెయ్యి చొక్కా జేబు దాకా పోయింది. జేబులో చేతిరుమాల్లో చుట్టిన అసలు క్యాసెట్టు ఉంది. ఇద్దామనే తెచ్చాడు. కానీ అప్పుడు చేను సంగతి తెలియదు కదా. చెయ్యి జేబు మీద ఆగిపోయింది.

"ఆలోచించుకో అన్నా. నేనేమనుకోను" అన్నాడు కోటేష్. నిజంగానే అన్నాడు.

జయప్రకాశ్ రుమాలు తీసి, విప్పి, క్యాసెట్టును అతని అరచేతిలో పెట్టాడు. ఈసారి ప్రాణమూ గీణమూ అనలేదు. "పా, విందాం. నేను విని ఎన్నేళ్లయిందో" అన్నాడు.

విన్నారు. మసక లేదు, జారుడు లేదు. తెల్లారుజామున గోవాలో ఎలా మోగిందో అలాగే మోగింది. దరువు మొదలయ్యే ముందు ఎవరో దగ్గిన చప్పుడు కూడా ఉంది. అది నేనే, ఆవకాయ ఘాటుకు దగ్గా అని జయప్రకాశ్ గుసగుసలాడాడు. ఇంకో పక్క కంప్యూటర్‌లోకి ఎక్కుతోంది. చివర సముద్రం ఆగిపోయాక ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. ఏ గొంతూ రాలేదు. ఒట్టి నిశ్శబ్దం. అప్పుడు గానీ కోటేష్ వెనక్కి వాలలేదు.

చీకటి పడకముందే టేపు గ్రూపులోకి వెళ్లింది. కింద జయప్రకాశ్ తన చేత్తోనే రాశాడు: ముందు కోటేష్‌కు నకలు అంటగట్టాను, పొద్దున మీరు మెచ్చుకున్నది ఆ నకలే, దాన్ని వాయించింది సక్రి అనే రైతు. నమ్మనివాళ్లంతా ఏమన్నారో చూడటానికి ఇద్దరికీ తీరిక లేదు. బయట సక్రి పిలుస్తోంది.

"మీ పాటలు అయినయా? నా చేను బోసిగ ఉంది. పొద్దుగాల చిలుకలొస్తే ఎవరు కాస్తరు?"

జయప్రకాశ్ జీపు దగ్గరికి పోయి, సీటు కింద నుంచి క్యాసెట్ల సంచి ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "ఇవి తీసుకో సక్రమ్మా. దేవుళ్లవి లేవులే. నీ ఇష్టం వచ్చినట్టు కట్టుకో."

సక్రి ఒక్కోటి తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. ఒకదాంట్లోంచి వేలితో రిబ్బను కొంచెం లాగి, వెలుగుకు పట్టి, గట్టిగా ఊది చూసింది. తర్వాత తలెత్తి, కొడుకు వంకా కాదు, కోడలి వంకా కాదు, నేరుగా జయప్రకాశ్ వంక చూసి అడిగింది.

"ఇవన్న అసలువేనా బాబూ? నకలు కడ్తే చిలుకలు పసిగడ్తయ్."